గ్రుయేర్ ఊరి ముద్ర మీద ఆ తెల్ల పక్షి ఎందుకుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

స్విట్జర్లాండ్ చూడ్డానికి వచ్చిన మనవాళ్లలో చాలామంది ఒక రోజు గ్రుయేర్‌కి వెళ్తారు, చీజ్ కోసం కొందరు, కొండ మీద కోట కోసం కొందరు. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఎటు చూసినా ఎర్రటి జెండా మీద తెల్ల పక్షి. వెంటనే ఫొటో తీసి నాకు పంపిస్తారు, "అన్నా ఇదేం పక్షి, దీని అర్థమేంటి" అని. నేను ఉండేది బెర్న్‌లో, ఆ ఊరికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు, వెళ్లిన ప్రతిసారీ ఆ పక్షి దగ్గర కాసేపు ఆగుతా. మా ఊరు హిందూపురం వైపు. లేపాక్షి పక్కన పెరిగినవాడికి ఊరి పేరులో పక్షి ఉండటం అంటే ఏంటో ఒకరు చెప్పాల్సిన పని లేదు, అందుకే నాకు దీని మీద ఇంత ఇష్టం అనుకుంటా. ఇన్నాళ్లూ అడిగినవన్నీ ఒక చోట పెడుతున్నా.

అసలు కోట్ ఆఫ్ ఆర్మ్స్, అంటే ఈ ముద్ర, ఏంటి? లోగో లాంటిదేనా?

చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ కాదు. లోగో అంటే ఒక బొమ్మ, గీత కొంచెం మారినా తప్పే. కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటే నిజానికి ఒక వాక్యం. గ్రుయేర్‌ది ఫ్రెంచ్‌లో "ద గ్యోల్ ఆ లా గ్రూ దార్జాన్" అంటారు, అంటే ఎర్రటి డాలు మీద వెండి బెగ్గురు పక్షి, అంతే. ఈ వాక్యాన్ని బ్లేజన్ అంటారు. ఆ వాక్యం చదివి ఏ చిత్రకారుడైనా తన చేతివాటం ప్రకారం గీయొచ్చు, ఒకరు మెడ పొడుగ్గా గీస్తారు ఒకరు రెక్కలు పెద్దవిగా గీస్తారు, ఎరుపు కాస్త ముదురైనా పర్లేదు, అన్నీ కరెక్టే. అందుకే ఊళ్లో నాలుగు చోట్ల నాలుగు రకాల పక్షులు కనిపిస్తే కంగారుపడకండి, అన్నీ ఒకటే.

ఇది మొదలైంది 12వ శతాబ్దంలో, యుద్ధాల్లో, పోటీల్లో. మొహం మొత్తం కప్పేసే ఇనుప టోపీ పెట్టుకుంటే లోపల ఎవరున్నారో తెలీదు కదా, అందుకని డాలు మీద దూరం నుంచి కనిపించేలా గుర్తు వేసుకునేవాళ్లు. తర్వాత అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది, సీళ్ల మీదకి ఎక్కింది, కోట గోడలకి ఎక్కింది, ఊళ్లకి కూడా వచ్చేసింది.

రాజులకి ఉంటే ఓకే, రెండు వేల మంది ఉన్న ఊరికి ఎందుకు?

ఇది నాన్న అడిగిన ప్రశ్న, వీడియో కాల్‌లో ఆ జెండాలు చూపిస్తుంటే. గ్రుయేర్ జనాభా రెండు వేల పైచిలుకే, మన లెక్కలో చిన్న పంచాయతీ. కానీ స్విట్జర్లాండ్‌లో కమ్యూన్, అంటే మన గ్రామ పంచాయతీ లాంటిది, దానికి చాలా అధికారాలుంటాయి, పన్ను రేటు దగ్గర్నుంచి ఎవరికి పౌరసత్వం ఇవ్వాలి అనేదాకా దాని మాట చెల్లుతుంది. 1848లో దేశం ఇప్పటి రూపానికి వచ్చినప్పుడు 3,203 కమ్యూన్లు ఉండేవి, ఊళ్లు కలిసిపోతూ కలిసిపోతూ ఇప్పుడు దాదాపు 2,100 దాకా వచ్చాయి. ప్రతిదానికీ సొంత ముద్ర ఉంది.

అన్నీ పాతవే అనుకోకండి. 1939లో జ్యూరిక్‌లో పెద్ద జాతీయ ప్రదర్శన పెట్టారు, అందులో ఒక దారి పొడవునా నెత్తి మీద దేశంలోని దాదాపు మూడు వేల కమ్యూన్ల జెండాలు వేలాడదీశారు. అప్పటిదాకా ముద్ర లేని ఊళ్లు చాలా ఉండేవి, మన జెండా లేకపోతే ఎలా అని పాత రికార్డులు వెతికి ముద్రలు తయారు చేసుకున్నాయి. అంటే కొన్ని ఊళ్ల ముద్రలకి వంద సంవత్సరాలు కూడా లేవు. గ్రుయేర్ సంగతి వేరు, దానిది ఆ కోటలో ఉన్న కౌంట్లు, అంటే ఆ ప్రాంతాన్ని ఏలిన ప్రభువుల నుంచి వారసత్వంగా వచ్చిన పక్షి.

అది కొంగా? హంసా?

హంస అస్సలు కాదు. ఫ్రెంచ్‌లో "గ్రూ" అంటే తెలుగులో బెగ్గురు పక్షి, సంస్కృతంలో సారసం. ఇప్పుడు మనం పొడుగు కాళ్లున్న ప్రతి పక్షినీ కొంగ అనేస్తున్నాం కాబట్టి ఫోన్‌లో నేను కూడా ముందు కొంగ అనే చెప్తా, ఎదుటివాళ్లకి బొమ్మ కళ్ల ముందుకి రావాలిగా, ఆ తర్వాత బెగ్గురు అని సరిచేస్తా.

కానీ ఈ తేడా ముఖ్యం. తెలుగులో కొంగకి మంచి పేరు లేదు. కొంగ జపం అంటే చెరువు గట్టున ఒంటికాలి మీద నిలబడి చేప కోసం దొంగ తపస్సు చేయడం. ఆ ఆలోచనతో ఈ ముద్రని చూస్తే ఇదేంటి ఇలాంటి పక్షిని పెట్టుకున్నారు అనిపిస్తుంది. బెగ్గురు కథ అది కాదు. రామాయణం పుట్టడానికి కారణమైన క్రౌంచ పక్షి సారసమే అని చెప్పేవాళ్లున్నారు, జంటలో ఒకటి చనిపోతే రెండోది పడ్డ బాధ చూసే వాల్మీకి నోట శ్లోకం వచ్చింది. ఆ గౌరవంతో చూడండి, అప్పుడు ముద్ర వేరేగా కనిపిస్తుంది.

సరే, ఆ పక్షే ఎందుకు? ధైర్యానికి గుర్తా, స్వేచ్ఛకి గుర్తా?

ఇక్కడే అందరూ పొరపడతారు. టూర్ గైడ్‌లు కూడా. పక్షి అంటే స్వేచ్ఛ, ఎగరడం అంటే ఆశయం అని చక్కగా చెప్పేస్తారు, వినడానికి బాగుంటుంది. అసలు కారణం అంతకంటే చాలా సింపుల్, నాకైతే చాలా ముద్దొస్తుంది: ఊరి పేరు గ్రుయేర్, పక్షి పేరు గ్రూ. పేరుని బొమ్మగా గీసేశారు. అంతే.

దీన్ని మాట్లాడే ముద్ర అంటారు ఫ్రెంచ్‌లో. చదువు రానివాడు కూడా జెండా చూసి పేరు చదివేస్తాడు. యూరప్ మొత్తంలో ఇలాంటివి బోలెడు, స్పెయిన్‌లో కస్తీయ రాజ్యానికి కోట బొమ్మ, లెయోన్ రాజ్యానికి సింహం బొమ్మ. గ్రుయేర్‌కి పక్కనే బుల్ అని ఆ జిల్లా ముఖ్యపట్టణం ఉంది, దాని ముద్రలో ఎద్దు ఉంటుంది. మనకి ఇది తిరగబడి వచ్చింది చూడండి, చాళుక్యులు వరాహాన్ని లాంఛనంగా పెట్టుకున్నారు, విజయనగరం వాళ్లూ పెట్టుకున్నారు, నాణెం మీద వరాహం ఉంది కాబట్టి ఆ నాణేనికే వరహా అని పేరొచ్చింది. అక్కడ పేరు నుంచి బొమ్మ పుడితే, ఇక్కడ బొమ్మ నుంచి పేరు పుట్టింది.

కాబట్టి ఎవరైనా ముద్ర చూసి దీని అర్థం ఏంటి అని అడిగితే నేను ముందు ఊరి పేరు ఎలా పలుకుతారు అని అడుగుతా. సగం ముద్రలకి జవాబు అక్కడే దొరుకుతుంది.

గ్రుయేరియుస్ అనే వీరుడు పక్షిని పట్టుకున్నాడని కథ ఉందిగా, అది నిజమా?

కథ ఇది. 5వ శతాబ్దం ప్రాంతంలో వాండల్ అనే తెగకి నాయకుడు గ్రుయేరియుస్, మనుషులతో ఈ లోయలోకి వచ్చాడు, ఒక తెల్ల బెగ్గురుని పట్టుకున్నాడు, దాన్నే గుర్తుగా పెట్టుకుని ఇక్కడే ఊరు కట్టాడు, అతని పేరే ఊరికి వచ్చింది. కోటలో ఈ కథ చెప్తారు, పిల్లలకి చాలా నచ్చుతుంది.

కానీ ఒక్క నిమిషం ఆలోచిస్తే నిలబడదు. పైన చెప్పా కదా, డాలు మీద ముద్రలు వేసుకోవడం అనే అలవాటే 12వ శతాబ్దంలో వచ్చింది, మరి 5వ శతాబ్దం మనిషి ముద్ర ఎలా ఎంచుకుంటాడు. పేరు ముందు ఉంది, పక్షి తర్వాత వచ్చింది, ఆ రెండిటినీ కలపడానికి కథ ఇంకా తర్వాత వచ్చింది. పేరు ఎక్కడిది అంటే రెండు వాదనలున్నాయి, బెగ్గురులు ఉండే చోటు అని ఒకటి, పాత ఫ్రెంచ్‌లో గ్రుయే అంటే అడవుల మీద అధికారి, ఆ ఉద్యోగం నుంచి వచ్చింది అని ఇంకోటి. రెండోదే నిజమైతే ఊరి పేరుకీ పక్షికీ అసలు సంబంధమే లేదు, కేవలం శబ్దం కలిసింది, అంతే.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే లేపాక్షి గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పేది, రావణుడితో పోరాడి రెక్కలు తెగి పడిపోయిన జటాయువుని చూసి రాముడు "లే పక్షీ" అన్నాడు, అదే లేపాక్షి అయింది అని. కొంచెం పెద్దయ్యాక గుడి దగ్గర ఇంకో కథ విన్నా: అచ్యుత దేవరాయల కాలంలో కోశాధికారి విరూపణ్ణ రాజుగారి సొమ్ముతో గుడి కట్టించాడని నింద పడి, తన కళ్లు తనే తీసి గోడకి కొట్టాడు, ఆ లేప అక్షి నుంచి లేపాక్షి అని. ఒకే పేరు, రెండు కథలు, రెండూ ఊరివాళ్లవే. భాషాశాస్త్రం ఏం చెప్పినా ఇప్పుడు కొండ మీద నిలబడింది జటాయువు విగ్రహమే. గ్రుయేర్‌లో కూడా అంతే జరిగింది, అడవి అధికారి జెండా మీదకి ఎక్కలేదు, పక్షి ఎక్కింది. కథ నిజం కాకపోయినా, ఆ కథని నమ్మి అన్ని తరాలు ఆ గుర్తుని మోశాయి అన్నది నిజం, నేను దాన్ని తక్కువగా చూడను.

హైదరాబాద్ వాళ్లకి చెప్పాలంటే అసఫ్‌జాహీ జెండా మధ్యలో తెల్లటి గుండ్రం ఉంటుంది కదా, అది కుల్చా రొట్టె అని ఒక కథ చెప్పుకుంటారు, అదీ ఈ కోవలోదే.

ఎరుపు అంటే వీరత్వం, తెలుపు అంటే శాంతి, అవునా?

నెట్‌లో ఎరుపు అంటే ఇది, నీలం అంటే ఇది అని టేబుల్ వేసి పెట్టేస్తారు, దయచేసి వాటిని నమ్మకండి. అవి చాలావరకు తర్వాతి కాలం పుస్తకాల్లో అల్లినవి. 12, 13 శతాబ్దాల్లో డాలు రంగు ఎంచుకున్నవాడికి ముందు కావాల్సింది దూరం నుంచి కనిపించడం.

దానికి ఒక గట్టి రూల్ ఉంది. రంగులు రెండు గుంపులు. బంగారం, వెండి, అంటే పసుపు, తెలుపు, వీటిని లోహాలు అంటారు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా, ఇవి రంగులు. లోహం మీద లోహం పెట్టకూడదు, రంగు మీద రంగు పెట్టకూడదు. ఎర్ర డాలు మీద నల్ల పక్షిని పెడితే వంద అడుగుల దూరంలో ఏమీ కనపడదు. ఎరుపు మీద తెలుపు పెడితే పొగమంచులో కూడా తెలుస్తుంది. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు ఎందుకు పెడతారో ఆలోచించండి, అదే లెక్క. స్విస్ జాతీయ జెండా కూడా ఎరుపు మీద తెలుపే కాబట్టి దాన్నుంచి తీసుకున్నారా అని కూడా అడుగుతారు. లేదు, ఈ పక్షి కౌంట్లది, జాతీయ జెండాతో సంబంధం లేదు.

ఇంకో చిన్న విషయం, పాత పుస్తకాల్లో రంగులుండవు కదా, నలుపు తెలుపు అచ్చు. 1630ల్లో పేత్రా సాంక్తా అనే జెజుయిట్ ఫాదర్ వాడిన పద్ధతి ఒకటి అందరికీ అలవాటైపోయింది: నిలువు గీతలుంటే ఎరుపు, అడ్డగీతలుంటే నీలం, చుక్కలుంటే బంగారం, ఖాళీగా ఉంటే వెండి. ఈసారి ఎక్కడైనా రాతి మీద, పాత సీలు మీద ముద్ర చూస్తే గీతలు గమనించండి. గ్రుయేర్ ముద్రని ఈ పద్ధతిలో అచ్చు వేస్తే వెనకాల నిలువు గీతలు, పక్షి ఖాళీ.

పక్షి ఎడమవైపే ఎందుకు చూస్తుంది?

మనకి ఎడమ, డాలు పట్టుకున్నవాడికి కుడి. ముద్రల భాషలో కుడి ఎడమలు ఎప్పుడూ డాలు వెనకున్న మనిషివి. జంతువులు, పక్షులు సాధారణంగా అతని కుడివైపు చూస్తాయి, జెండా మీదైతే కర్ర వైపు.

బెగ్గురు ఒక కాలితో రాయి పట్టుకుని ఉండాలని విన్నా, ఇక్కడ రాయి ఏది?

మంచి ప్రశ్న. రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్రలో రాశాడు, బెగ్గురుల గుంపు రాత్రి నిద్రపోతుంటే కొన్ని కాపలా ఉంటాయి, అవి ఒక కాలితో రాయి పట్టుకుని నిలబడతాయి, కునుకు పడితే రాయి జారి పడుతుంది, ఆ చప్పుడుకి మెలకువ వస్తుంది అని. పక్షులు నిజంగా అలా చేయవు. కానీ ఆ మాట వందల ఏళ్లు నడిచింది, అందుకే యూరప్ ముద్రల్లో రాయి పట్టుకున్న బెగ్గురు అంటే జాగరూకతకి గుర్తు.

గ్రుయేర్ పక్షి కాలిలో రాయి లేదు. అంటే ఇక్కడ కాపలా, జాగ్రత్త అనే అర్థం ఉద్దేశించలేదు, వట్టి పేరు కోసమే పెట్టారు. ఒక ముద్రలో ఏం లేదో చూడటం కూడా చదవడంలో భాగమే అని నాకు దీని దగ్గరే అర్థమైంది. మన దగ్గర ఒంటికాలి మీద నిలబడిన పక్షి దొంగ తపస్వి అయింది, వాళ్ల దగ్గర నిద్రపోని కాపలాదారు అయింది, చూసింది మాత్రం ఇద్దరూ ఒకే భంగిమని.

సానెన్‌లో, షతో-డేలో కూడా ఇదే పక్షి చూశాం. కాపీ కొట్టారా?

కాపీ కాదు. నా దృష్టిలో మొత్తం విషయంలో ఇదే గొప్ప భాగం, కాస్త ఓపిగ్గా చదవండి.

గ్రుయేర్ కౌంట్లు 11వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం దాకా, దాదాపు పంతొమ్మిది మంది, గ్రుయేర్ దగ్గర పారే సారీన్ నది ఎగువ లోయని ఏలారు. నది పైకి వెళ్తే షతో-డే, రూజ్‌మోన్, ఇంకా పైకి వెళ్తే సానెన్. మన సినిమా పాటల్లో కనిపించే గ్స్టాడ్ కూడా సానెన్ కమ్యూన్‌లోదే. చివరి కౌంట్ మిషెల్ అప్పుల్లో కూరుకుపోయాడు, 1554లో దివాలా తీశాడు. అప్పిచ్చినవాళ్లలో పెద్దలు ఫ్రిబూర్, బెర్న్ నగరాలు, అవి 1555లో రాజ్యాన్ని పంచుకున్నాయి. దిగువ భాగం, కోట, ఫ్రిబూర్‌కి. ఎగువ భాగం బెర్న్‌కి. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు లోయని మధ్యలో గట్టు వేసి కోశారు.

ఆ గట్టు తర్వాత ఇంకా లోతైంది. బెర్న్ అప్పటికే ప్రొటెస్టెంట్, తన వాటాకి వచ్చిన ఊళ్లని కూడా ఆ మతంలోకి మార్చింది, ఫ్రిబూర్ కేథలిక్‌గానే ఉండిపోయింది. నెపోలియన్ రోజుల్లో ఇంకో మార్పు, షతో-డే, రూజ్‌మోన్ బెర్న్ నుంచి విడిపోయి 1803కల్లా వో అనే కొత్త కాంటన్‌లో, అంటే మన రాష్ట్రం లాంటిదానిలో, భాగమయ్యాయి. సానెన్ బెర్న్‌లోనే ఉంది. అంటే ఇప్పుడు పాత రాజ్యం మూడు కాంటన్లలో ముక్కలై ఉంది. భాష కూడా ఒకటి కాదు, సానెన్ వాళ్లు జర్మన్ మాట్లాడతారు, మిగతావాళ్లు ఫ్రెంచ్.

అయినా గ్రుయేర్, షతో-డే, రూజ్‌మోన్, సానెన్, నాలుగింటి ముద్రల్లోనూ బెగ్గురే. కాంటన్ వేరు, మతం వేరు, భాష వేరు, పక్షి ఒకటే. మ్యాప్ లేకుండా కేవలం ఊరి జెండాలు చూసుకుంటూ బస్సులో వెళ్తే 1554కి ముందున్న సరిహద్దు గీసేయొచ్చు.

సానెన్ దగ్గర ఇంకో సంగతి ఉంది. జర్మన్‌లో గ్రుయేర్‌ని గ్రాయర్ట్స్ అంటారు, బెగ్గురుని క్రానిష్ అంటారు. రెండు పదాలకీ పోలిక లేదు. అంటే ఆ మాటల ఆట జర్మన్‌లో అస్సలు పని చేయదు, సానెన్ పేరుకీ దానికీ సంబంధం లేదు. అక్కడ పక్షి ఊరి పేరు చెప్పడం లేదు, ఒకప్పటి యజమాని పేరు చెప్తోంది, అదీ వేరే భాషలో. ఇది నాకు తట్టిన రోజు సానెన్ స్టేషన్‌లో ఒక రైలు వదిలేసి కూర్చున్నా.

మనకి దగ్గర పోలిక చెప్పాలంటే కాకతీయ తోరణం. 1323లో కాకతీయుల రాజ్యం పోయింది, ఆ తర్వాత ఎంతమంది వచ్చారు పోయారు, చివరికి 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడితే కొత్త రాజముద్రలో చార్మినార్‌తో పాటు ఆ తోరణమే నిలబడింది. కట్టినవాళ్లు లేరు, గుర్తు ఉంది.

కౌంట్ దివాలా తీశాడు కదా, మరి ఆ పక్షిని ఎందుకు తీసేయలేదు?

తీసేస్తారనే ఎవరైనా అనుకుంటాం. 1555 నుంచి 1798 దాకా ఫ్రిబూర్ పంపిన అధికారులు కోటలో ఉన్నారు, ఫ్రిబూర్ రంగులు నలుపు, తెలుపు. ఊరి పక్షి మాత్రం అలాగే ఉంది. అప్పటికే అది కౌంట్ది మాత్రమే కాదు, ఊరిది. 1849లో కోట అమ్ముడుపోయి బోవీ, బాలాన్ కుటుంబాల చేతికి వచ్చింది, వాళ్లు చిత్రకారుల్ని పిలిచి గదుల్లో బొమ్మలు వేయించారు, 1938లో కాంటన్ మళ్లీ కొనుక్కుని మ్యూజియం చేసింది. ఎవరి చేతికి వచ్చినా పక్షి జోలికి ఎవరూ పోలేదు.

ఊరి పేరు చివర ఎస్ ఉంటుంది, చీజ్‌కి ఉండదు, ఎందుకు?

ఎస్ ఉంటే ఊరు, లేకపోతే ఆ ప్రాంతం, ఆ చీజ్. పలకడం రెండూ ఒకటే కాబట్టి తెలుగులో రాసేటప్పుడు తేడా రాదు. చీజ్‌కి 2001లో మూలస్థానం గుర్తింపు వచ్చింది, మన తిరుపతి లడ్డూకి జీఐ ఉన్నట్టు. ఒక్కో చక్రం సుమారు 35 కిలోలు ఉంటుంది, దానికి 400 లీటర్ల పచ్చిపాలు కావాలి, కనీసం 5 నెలలు మాగబెడతారు.

ఈ ముద్రని టీషర్ట్ మీద వేయించుకోవచ్చా? మా షాపు బోర్డు మీద పెట్టుకోవచ్చా?

షాపు బోర్డు మీద వద్దు. స్విట్జర్లాండ్‌లో 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం దేశం, కాంటన్లు, కమ్యూన్ల కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఆ ప్రభుత్వ సంస్థలు మాత్రమే వాడుకోవాలి, కొన్ని మినహాయింపులున్నాయి. జెండాల విషయంలో అంత కఠినం కాదు. వ్యాపారం కోసమైతే ముందు కమ్యూన్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి అడగడం మంచిది. జ్ఞాపకంగా ఇంట్లో పెట్టుకోవడానికైతే చిన్న జెండా కొనుక్కోండి, నా టేబుల్ మీదా ఒకటుంది.

వెళ్తే ఏం చూడాలి?

రైల్వే స్టేషన్ కొండ కింద ప్రాంజీలో ఉంటుంది, ఎదురుగానే చీజ్ తయారీ చూపించే డెయిరీ. అక్కణ్ణుంచి పైకి పదిహేను ఇరవై నిమిషాల నడక, అమ్మానాన్నలతో వెళ్తే మెల్లగా ఎక్కండి. ఊళ్లో కార్లు తిరగవు. ఒకటే వీధి, చివర్లో కోట, వెనకాల 2,002 మీటర్ల మొలేజాన్ కొండ. కోటలో 1476 మూర్తెన్ యుద్ధంలో బర్గండీ సైన్యం నుంచి దక్కిన మూడు పూజారి వస్త్రాలున్నాయి, వాటిని వదలొద్దు. పక్షుల్ని లెక్కపెట్టే పని పిల్లలకి అప్పజెప్పండి, అలసట తెలీకుండా కోట మొత్తం చూసేస్తారు.

మన ఊళ్లకి ఇలాంటివి ఎందుకు లేవు?

రాజులకి ఉండేవి, ఊళ్లకి విడిగా అవసరం పడలేదు. ఇప్పుడు రాష్ట్రాలకి ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్ 2018లో అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటంతో కొత్త చిహ్నం తీసుకుంది. ఊరికి మాత్రం మనకి వేరే రకం గుర్తులున్నాయి. తెలంగాణ ఊళ్లో బొడ్రాయి ఉంటుంది, ఊరి నడిబొడ్డున పాతిన రాయి, దాని పండగకి ఆడపిల్లలందరూ పుట్టింటికి వస్తారు. అది గోడకి తగిలించే బొమ్మ కాదు కానీ ఇది మన ఊరు అని చెప్పే పని అదే చేస్తుంది. ఊరికో జెండా లేనంత మాత్రాన ఊరి మీద ప్రేమ లేదనుకోను.

అయినా ఉంటే బాగుంటుంది అని నా కోరిక.

మా ఊరికి ఒకటి తయారు చేయాలంటే ఎలా?

నా సలహా నాలుగు మాటల్లో. గీసేముందు వాక్యం రాయండి, ఫోన్‌లో చెప్తే అవతలివాళ్లు గీయగలగాలి. ఒకటే బొమ్మ పెట్టండి, గుడీ చెరువూ వరికంకీ పుస్తకమూ ట్రాక్టరూ అన్నీ ఇరికిస్తే ఏదీ కనపడదు. రంగుల రూల్ తప్పొద్దు. అక్షరాలు వద్దు, పేరు బొమ్మే చెప్పాలి.

పోయిన వేసవికి ఇంటికి వెళ్లినప్పుడు మా మేనకోడలికి ఇదంతా చెప్పా, పదకొండేళ్లు దానికి. మాకు దగ్గర్లో చిలమత్తూరు మండలంలో వీరాపురం అని ఊరుంది, ఏటా పెయింటెడ్ స్టార్క్ పక్షులు గుడ్లు పెట్టడానికి అక్కడికి వస్తాయి, ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు, ఎవర్నీ రాయి వేయనివ్వరు. మేం ఇద్దరం స్కూటర్ మీద వెళ్లి చూసొచ్చాం. సాయంత్రం అది కాగితం మీద డాలు గీసి లోపలంతా ఆకుపచ్చ నింపి, మధ్యలో ఒక తెల్ల పక్షిని వదిలేసింది, రంగు వేయకుండా. ఆకుపచ్చ మీద తెలుపు, రూల్ సరిగ్గా పట్టుకుంది. ఆకుపచ్చ ఏంటమ్మా, పొలమా అని అడిగా.

"కాదు మామయ్యా, చెట్టు. పక్షి కంటే ముందు అదే ఉందిగా అక్కడ."